వంతెన మీద ఎందుకు దిగాడు

తాగి చచ్చాడని చెప్పి అతనికి చర్చి గంట కొట్టలేదు. అతను తాగేవాడు కాదు. ఆ రోజూ తాగలేదు. ఈ మాటలు ముందు రాసేస్తే గానీ మిగతాది రాయడానికి నా చెయ్యి ఆడదు.

అతను నాలాగే కారు డ్రైవరు. కోటబొమ్మాళి స్టాండులో నా బండి వెనక అతని బండి ఉండేది. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు. వాళ్లది నౌపడ వైపు, ఉప్పు మళ్లకు ఆనుకుని ఉన్న చిన్న పేట. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం. మాది వరి పండించుకునే ఇల్లు, వీధికొక అమ్మవారు. స్టాండులో వరసలు కలుపుకోవడానికి ఇవేవీ అడ్డం రావు. నన్ను చిన్నాన్న అని పిలిచేవాడు. అతని భార్య మావయ్యా అనేది.

వాళ్ల చర్చి గంట గుడిగంటలా ఉండదు. ఇనప స్తంభానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క అది. ఆదివారం పూట గబగబా కొడతారు. సంఘంలో ఎవరైనా పోతే మాత్రం ఒక దెబ్బ మోత పూర్తిగా అణగిపోయేదాకా ఆగి ఇంకో దెబ్బ కొడతారు. ఆ చప్పుడు వినిపిస్తే మళ్లలో ఉప్పు లాగుతున్నవాళ్లు చేతిలో పనిముట్టు కింద పెట్టి నిలబడతారు. చర్చికి వెళ్లనివాళ్లు కూడా నిలబడతారు. ఫలానావాడు మాలో ఒకడుగా బతికి మాలో ఒకడుగా పోయాడని ఊరికి చెప్పే మాట ఆ గంటే. ఇంకో మాట లేదు.

ఒకసారి స్టాండులో టీ తాగుతూ అతనే అన్నాడు.

"నీకు గంట నేదు గదా సిన్నాన్నా. నువ్వు పోతే నా బండి హారను కొడతాన్లే."

"ముందు దాన్ని బాగుసేయించరా. పిల్లి మూలిగినట్టు మూలుగుతాది. నా సావుకి నవ్విపోతారు."

"నవ్వితే ఏటి? నువ్వు బతికినన్నాళ్లూ ఎవుల్నీ నవ్వనిచ్చినావేటి?"

స్టాండంతా నవ్వింది. నాకు కోపిష్టినని పేరు. ఆ పేరు నిజమే.

నేను మూడో తరగతిలో బడి మానేశాను. తర్వాతి చదువంతా బండిలోనే. మైలురాళ్ల మీద ఊళ్ల పేర్లు, లారీల వెనక రాతలు, బజ్జీలు చుట్టిన కాగితాలు, ఎవరో ఎక్కి దిగేటప్పుడు సీటులో వదిలేసిన పుస్తకాలు. బేరం కోసం కూర్చునేవాడికి పొద్దంతా ఖాళీయే గదా. అలా కూడబలుక్కుంటూ చదివి చదివి, స్టాండులో పేపరు పైకి చదివి వినిపించే పని నాదయింది. ఆ పని చేస్తూనే ఒక పొద్దున్న జిల్లా పేజీలో, "మద్యం మత్తులో వాహనాన్ని వంతెనపై నిలిపిన డ్రైవరు" అన్న వాక్యం గట్టిగా చదివాను. చదివాక గానీ అది ఎవరి గురించో నాకు ఎక్కలేదు. ఇది చదవడానికేనా ఇన్నేళ్లు అక్షరాలు నేర్చుకున్నాను అనిపించింది.

జరిగింది చెప్పాలంటే ముందు మా వైపు యాత్రల గురించి చెప్పాలి.

డబ్బున్నవాళ్ల ప్రయాణాలు వేరు. మా బేరాలు అవి కావు. కోతలయ్యాక ఒక ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, అల్లుడి తరఫువాళ్లు కలిసి ఒక బండి మాట్లాడుకుంటారు. ఏడుగురి బండిలో ఎంతమంది ఎక్కుతారో దిగేదాకా డ్రైవరుకు తెలియదు. పిల్లల్ని మనుషుల కింద లెక్కెయ్యరు. పైన క్యారియరు మీద కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, గిన్నెలు, చాపలు, నీళ్ల డబ్బాలు. వెనకసీటు కింద పులిహోర. అరసవల్లి, శ్రీకూర్మం, సింహాచలం, కుదిరితే భీమిలి సముద్రం. లాడ్జి మాట ఎత్తరు. సత్రం అరుగు దొరికితే అరుగు, లేదంటే రోడ్డు పక్క తోట. అందరూ చాపలు పరుచుకుంటే డ్రైవరు ముందు సీట్లో కాళ్లు తలుపులోంచి బయటికి పెట్టి పడుకుంటాడు. అందరి భోజనాలూ అయ్యాక, "ఓ డ్రైవరూ, తిన్నావేటి?" అని ఎవరో ఒక ముసలమ్మే అడుగుతుంది. మగవాళ్లు అడగరు.

ఆ ముసలమ్మలకు ఒక పని తప్పనిసరి. బండి ఏరు దాటేటప్పుడు నీళ్లలో బిళ్ల వెయ్యాలి. నాగావళి అయినా వంశధార అయినా గంగమ్మే. ఊరు దాటుతున్నాం, చల్లగా చూడు అని మొక్కుకుని రూపాయి బిళ్ల విసురుతారు. వెనకటి ఒంటి రోడ్డు నాకు బాగా గుర్తు. రెండు పక్కలా చింతచెట్లుండేవి. వంతెన ఇరుకు, బళ్లన్నీ నత్తనడక. కిటికీలోంచి చెయ్యి చాపితే బిళ్ల నీళ్లలో పడేది. ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు వచ్చింది. చింతచెట్లు పోయాయి, వంతెన వెడల్పయింది, పిట్టగోడ ఎత్తయింది. పరిగెత్తే కారులోంచి వేసిన బిళ్ల గోడకు తగిలి రోడ్డు మీదికే వచ్చి పడుతుంది. అందుకని మేం డ్రైవర్లం వంతెన ఎక్కగానే ఎడమ అంచుకు వచ్చి వేగం తగ్గిస్తాం. ముసలివాళ్లు మరీ బతిమాలితే ఒక్క క్షణం ఆపుతాం. ఆపకూడదని అందరికీ తెలుసు. ఆపకపోతే వాళ్లు దారంతా ముడుచుకుని కూర్చుంటారు. ఇల్లు చేరాక ఎవరికి జ్వరం వచ్చినా, "గంగమ్మకి ఎయ్యనేదు, అందుకే" అంటారు. ఆ మాట పడలేక ఆపుతాం.

అతనికి ఈ మొక్కుల మీద నమ్మకం లేదు. వాళ్ల ఇంట్లో బొమ్మకు దణ్ణం పెట్టరు. అయినా స్టాండులో అందరికన్నా ఎక్కువ ఆపేది అతనే.

"నీకెందుకురా ఆల్ల గంగమ్మ?" అని ఎగతాళి చేశాను ఒకసారి.

"గంగమ్మ కోసం కాదు సిన్నాన్నా. ముసిల్ది బిళ్ల ఏసినాక మొకం సూడు ఒక్కపాలి. దానికోసం."

ఆ యాత్ర సింహాచలానిది. మా స్టాండుకు దగ్గర్లోని పల్లె, వరి రైతులు. ఇంటి పెద్ద కొడుకు మావాడి బండి బేరమాడుకున్నాడు. అతని తల్లి, భార్య, చెల్లెలు, బావమరుదులు, పిల్లలు. వెళ్లారు, దర్శనాలయ్యాయి, భీమిలిలో తానాలయ్యాయి. తిరిగి వస్తూ పొద్దు వాలుతున్న వేళ మడపాం దగ్గర వంశధార వంతెన మీద బండి ఆగింది. మావాడు దిగాడు. మళ్లీ బండెక్కడానికి వెనకనుంచి చుట్టి వస్తుంటే లారీ కొట్టింది. ఆ లారీ ఆగలేదు, ఇప్పటికీ దొరకలేదు.

బండికి గీత కూడా పడలేదు. లోపల ఉన్నవాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

పేపరు చదివిన ఆ పొద్దున్నే అతని భార్యను నా అంబాసిడర్లో ఎక్కించుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అప్పటికే ఆ ఇంటి కొడుకు పోలీసులకు చెప్పేశాడు. డ్రైవరు దారిలో మందు తాగాడట. ఒంటేలుకి పోతానని వంతెన మీదే ఆపేశాడట. వద్దన్నా వినలేదట. బండిలో వాసన ఉన్నమాట నిజమే. సీటు కింద సీసా ఉన్నదీ నిజమే. ఎవరి సీటు కింద? డ్రైవరు సీటు కిందా? భీమిలిలో ఇసకలో కూర్చుని తాగింది ఎవరు? ఇవి అడిగేవాడు లేడు. డ్రైవరంటే తాగుతాడు, అంతే. లోకానికి అంతకుమించి రుజువు అక్కర్లేదు. శవాన్ని కోసి చూసిన డాక్టరు ఏం తేల్చాడని స్టేషనులో అడిగితే, "అదంతా కోర్టుకెళ్లిపోనాది, నువ్వేటవుతావు ఆడికి?" అన్నారు. వెనక బండివాణ్ణి అన్నాను. నవ్వారు.

పేటకు తెచ్చాం. గంట మోగలేదు. నేను చర్చి దగ్గరికి వెళ్లాను. సంఘం పెద్దలు ముగ్గురు బయటే నిలబడి ఉన్నారు. వాళ్ల మహాసభలకు ఎన్నిసార్లు ఉత్త డీజిలు పోయించుకుని బండి తోలాడో ఆ ముగ్గురికీ తెలుసు.

"గంట ఎందుకు కొట్టనేదు?" అన్నాను.

"పేపర్లో పడిపోనాది కదండీ," అన్నాడు ఒక పెద్దాయన, నేల చూపులు చూస్తూ. "మత్తులో పోనోడికి కొట్టకూడదని కట్టుబాటు. రేపు ఇంకో తాగుబోతు పోతాడు, ఆడి ఇంటోలొచ్చి అడుగుతారు. ఏటి సెప్తాం?"

"ఆడు తాగడని మీకు తెలీదేటి?"

"తెలుసు. కానీ ఆ రోజు మనం బండిలో నేం కదా. ఉన్నోలు సెప్పాల."

ఉన్నవాళ్లు చెప్పాలి. మంచివాడే ఆయన. అందుకే ఇంకా మండింది.

పాతిపెట్టడానికి తీసుకెళ్తుంటే ఉప్పు మళ్లలో మనుషులు వంగి పని చేసుకుంటూనే ఉన్నారు. ఎవరు పోయారో వాళ్లకు తెలియదు. గంట మోగలేదు కదా. వెనక నా బండిలో నేను నెమ్మదిగా వస్తున్నాను. హారను మీద చెయ్యి పెట్టాను. తీసేశాను. అతనికి రావలసింది హారను కాదు.

అతని భార్య ఏడుపు మానాక ఒక్కటే అడిగింది నన్ను. "ఆయన ఎందుకు దిగినారు మావయ్యా? బండిలో అంతమంది ఉన్నారు గదా. ఒక్కలు సెప్తే సాలు. పిల్లలు బడిలో తలెత్తుకోనేకపోతన్నారు." నాకు అనుమానం ఉండనే ఉంది. ఎడమ అంచున బండి, వంతెన నడిమధ్య, కింద నిండు ఏరు. మా స్టాండులో ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు అదెందుకో. కానీ నా అనుమానంతో గంట మోగదు.

ఆ యాత్రవాళ్ల ఊరు వెళ్లాను. కొడుకు వీధిలోనే ఆపేశాడు.

"ఏటి పెద్దాయనా, ఏటి కావాల?"

"మీ అమ్మతో ఓ మాట మాటాడాలి."

"మా యమ్మకి ఒంట్లో బాగోదు. సెప్పిందంతా పోలీసోలకి సెప్పినాం."

"ఆడెందుకు దిగినాడు? అదొక్కటే."

"ఉచ్చకి దిగినాడు. ఎన్నిసార్లు సెప్పాల? నీ కొడుకేటి ఆడు? నీ కులమేటి, ఆడి మతమేటి? ఎల్లెల్లు."

తలుపు వెనక ముసలమ్మ నిలబడి ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నేను ఆమె వైపు చూసి అప్పా అని పిలిచాను. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడూ వెళ్లాను. పంటలప్పుడు వెళ్లాను, తుపాను వచ్చి చేలు పడిపోయినప్పుడు వెళ్లాను, వాళ్ల ఇంట్లో పెళ్లి జరుగుతున్నప్పుడు కూడా వీధి చివర బండి ఆపుకుని కూర్చున్నాను. అందరూ నాకు మతి పోయిందన్నారు. కోటబొమ్మాళి సంతలో ఆ కొడుకు ఎదురుపడితే అందరి ముందూ అదే ప్రశ్న అడిగేవాణ్ణి. తర్వాత తర్వాత నన్ను చూస్తే అతను పక్క సందులోకి తిరిగిపోయేవాడు. అతని భయం నాకు తెలియకపోలేదు. నిజం చెబితే తల్లిని స్టేషనుకూ కోర్టుకూ తిప్పుతారు. ముసలిదాని బిళ్ల కోసం ఒక మనిషి ప్రాణం పోయిందని ఊరు అంటుంది. తల్లిని కాపాడుకోవాలి, నిజమే. దానికి చచ్చినవాడి నోట్లో సారా పోస్తావా?

ఆ తర్వాత మా స్టాండులో ఎవరూ వంతెన మీద వేగం తగ్గించడం లేదు. ముసలమ్మలు అరచేతిలో బిళ్ల పట్టుకుని కిటికీ వైపు ఒరిగి, "ఒరే నాయనా, ఒక్కపాలి ఆపరా" అంటూ ఉండగానే వంతెన అయిపోతుంది. కొందరు విసురుతారు. పిట్టగోడ పక్కన తారు మీద ఎండకు మెరుస్తూ పడి ఉంటాయి బిళ్లలు. వాటిని చూస్తే నాకు అన్నం సయించదు.

స్టాండు కూడా స్టాండులా లేదు. ఫోను చేస్తే ఇంటి ముందుకు కొత్త బండి వస్తోంది. చల్లగాలి బండి కావాలంటారు. నా అంబాసిడరును చూసి పిల్లలు ఫొటోలు తీసుకుంటారు గానీ ఎవరూ ఎక్కరు. అతని భార్య పిల్లల్ని తీసుకుని నెల్లిమర్లలో తన అన్న దగ్గరికి వెళ్లిపోయింది. పేటలో ఆదివారం చర్చికి వెళితే పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటున్నారని వెళ్లిపోయింది. ఆమె ఊరు వదిలాక కూడా నేను అడగడం మానలేదు.

ఒక పొద్దున్న స్టాండులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఎవరో మనిషి వచ్చి, ముసలమ్మను శ్రీకాకుళం కళ్లాసుపత్రికి తీసుకెళ్లాలి, మాట్లాడుకున్న బండి రాలేదు, బేగి రమ్మన్నాడు. ఊరి పేరు చెప్పాడు, అదే ఊరు. వెంటనే బండి తీశాను. ఇంటి ముందు ఆపాను. కొడుకు లేడు, ఒడిశా వైపు పనికి వెళ్లాడట. కోడలు నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ముసలమ్మ మాత్రం తడుముకుంటూ వచ్చి ముందు సీట్లో నా పక్కనే కూర్చుంది. కోడలు ఏమీ అనలేక వెనక ఎక్కింది.

"ఎవుల బండి ఇది? పాత బండిలాగున్నాది, కూకుంటే దిగిపోతన్నాది," అంది ముసలమ్మ.

"నాదే అప్పా."

గొంతు గుర్తుపట్టింది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నరసన్నపేట దాటాం. అన్నేళ్లు వీధుల్లో అరిచినవాడికి, పక్కన కూర్చుంటే నోరు పెగల్లేదు. వంతెన వచ్చింది. చక్రాల చప్పుడు మారగానే ఏటి మీద ఉన్నామని ఆమెకు తెలిసింది. చేతులు రెండూ ఒళ్లో బిగించి పెట్టుకుంది. చేతిలో బిళ్ల లేదు.

"గంగమ్మకి ఎయ్యవా అప్పా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"ఆడెందుకు దిగినాడు?"

వెనకనుంచి కోడలు అందుకుంది. "ఊరుకోండత్తా. ఆపరేషనుకి ఎల్తన్నాం. ఇప్పుడవన్నీ ఎందుకు? ఆయనొచ్చి నన్నంటారు."

"నువ్వూరుకోయే. నీ మొగుడికి నాను సెప్పుకుంటాను. ఆణ్ణి కన్నది నానే." ముసలమ్మ నా వైపు తిరిగింది. పొరలు కమ్మిన కళ్లు, నా మొహం ఎక్కడుందో వెతుక్కుంటున్నాయి. నేను బండి ఆపలేదు. వంతెన దాటి, రోడ్డు దిగి, చెట్టు నీడన ఆపాను. అక్కడ చెప్పింది.

ఆ మాటలు పట్టుకుని పేటకు వెళ్లాను. పెద్దల్లో ఒకరు పోయారు, ఒకరు మంచం మీద ఉన్నారు. మూడో ఆయన విని, ఇంతకాలం పోయాక గంట కొడితే ఎవరు పోయారని జనం పరిగెత్తుకొస్తారు, ఏం చెప్పాలో తోచడం లేదన్నారు. ఇప్పటికీ తోచలేదు. పేపరువాళ్లు పాత వార్త అన్నారు. అందుకే నేనే రాస్తున్నాను.

నెల్లిమర్ల కూడా వెళ్లాను. అతని భార్య నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీ మాటల్లో వద్దు మావయ్యా. ఆ ముసిలమ్మ ఎలాగన్నాదో అలాగే సెప్పండి," అంది. అలాగే చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఆమెకు చెప్పినట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా, ఇక్కడా పెడుతున్నాను.

"ఆడు తాగనేదు బాబూ. ఆ బండిలో తాగినోడు నా కొడుకూ, ఆడి బావమరుదులూను. ఎల్లేటప్పుడు బిళ్ల ఎయ్యడానికి ఆపొద్దన్నాడు నా కొడుకు. నాను ముక్కు సీదుతూ కూకున్నాను. 'ఏడవకే అమ్మా, వచ్చేటప్పుడు ఆపుతాను' అన్నాడు ఆ డ్రైవరు. అన్నట్టే ఆపినాడు. నా మోకాళ్లు దిగనివ్వవు. బిళ్ల నా సేతిలోంచి ఆడే తీసుకున్నాడు. 'మీ దేవుడు ఏరే దేవుడు గదరా, నువ్వేత్తే నా మొక్కు సెల్లుతాదేటి?' అన్నాను. 'నీ పేరు సెప్పి ఏత్తానే, నీ పేరేటి?' అన్నాడు. సెప్పినాను. గోడ కాడికెల్లి, ఏటి మీదకి వంగి, నా పేరు గట్టిగా పిలిసి మరీ ఏసినాడు. మా యమ్మ పోనాక నన్ను పేరెట్టి పిలిసినోలు నేరు బాబూ. ఆడే పిలిసినాడు. నవ్వుకుంటా వస్తన్నాడు, నానూ నవ్వుతన్నాను, అప్పుడు కొట్టినాది లారీ. సెప్పొద్దన్నాడు నా కొడుకు. నాను సెప్పనేదు."